అక్షరాల వెనక సన్నబడిన పైపు

"ఆ వీడియోలో ఉన్నది నేనే. అందులో ఉన్నదంతా నిజమే. మీరు దాని జోలికి పోకండి సార్," అంది సూది.

రాసుకోవడానికి తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాను. స్టేషన్ బల్లకి అటువైపు కూర్చున్నవాళ్లు నాలాంటి ప్రైవేటు డిటెక్టివ్‌తో అనే మాట కాదది. నేను కాదు, నాకేం తెలియదు, నన్ను ఇరికించారు అంటారు. ఈమె మాత్రం తనని ఉరికంబం దాకా నడిపించే ఆ ఒక్క సాక్ష్యాన్ని చంటిపిల్లని కాపాడుకున్నట్టు కాపాడుకుంటోంది.

ఆమె వీడియో ఎడిటింగ్ స్టూడియోలో పనిచేస్తుంది. తెర మీద ఒక బొమ్మ పక్కన ఇంకో బొమ్మని వెంట్రుకవాసి తేడా రాకుండా కూర్చోబెడుతుందని అక్కడివాళ్లు సూది అని పేరు పెట్టారు. ఇప్పుడు పోలీసులు కూడా కాగితాల మీద తప్ప అలాగే పిలుస్తున్నారు.

మొన్న సాయంత్రం ఆ స్టూడియో ఓనరు వెనక మెట్ల మీద నుంచి కిందపడి చచ్చిపోయాడు. పైమెట్టు దగ్గర అతని చొక్కా గుండీ ఒకటి చిన్న గుడ్డపీలికతో సహా ఊడి పడి ఉంది. కాలుజారిన వాడి గుండీ అలా ఊడదు. ఎవరో చొక్కా పట్టుకుని తోశారు. వరండాలో ఒక కెమెరా ఉంది. అది తీసిన వీడియో నాకు కళ్లు మూసుకున్నా కనబడుతుంది. ఆరూ నలభైకి ఓనరు సిగరెట్ పెట్టె పట్టుకుని వెనక తలుపు తీసుకుని మెట్ల మీదకి వెళ్లాడు. ఆరు నిమిషాల తర్వాత సూది వచ్చింది. తలుపు మీద చెయ్యివేసి ఆగింది. ఎడమవైపు గోడకేసి చూసింది. అప్పుడు లోపలికి వెళ్లింది. నాలుగు నిమిషాలకి నోటి మీద చెయ్యి పెట్టుకుని బయటికొచ్చింది. ఇంకెవరూ ఆ తలుపు దగ్గరకి రాలేదు.

బయటికొచ్చిన మనిషి అరవలేదు, ఎవరినీ పిలవలేదు. తిన్నగా వెళ్లి మిషను ముందు కూర్చుని తొమ్మిదింటిదాకా పని చేసుకుంది. శవాన్ని మర్నాడు పొద్దున మెట్లు ఊడ్చేవాళ్లు చూశారు. ఆమెను ముంచింది ఆ పని చేసుకోవడమే. మనసున్న మనిషెవరైనా శవాన్ని చూసొచ్చి పని చేసుకుంటారా అని అందరూ అడుగుతున్నారు. నేనూ అదే అడిగాను.

"ఆ గోడకేసి ఏం చూశావమ్మా?"

"ఏముందండీ. గోడే," అంది, నా మాట పూర్తికాకముందే.

నాలుగింటికి ఆమెను కోర్టుకి తీసుకెళ్తారు. అంటే నాకు గంటన్నర ఉంది. నేను లేస్తుంటే మాత్రం ఆపి, తనవైపు నుంచి ఒకే ఒక ప్రశ్న వేసింది. వాళ్లాయన వేళకి తింటున్నాడా అని. నిద్ర లేని కళ్లతో లిఫ్టు గుంటల్లోకి దిగొద్దని చెప్పమంది.

ఆ వాళ్లాయన స్టేషన్ బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లిఫ్టు మెకానిక్. ఎక్కడికెళ్లినా భుజాన పనిముట్ల సంచీ ఉంటుంది. కూర్చున్నప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుంటాడు. నన్ను పెట్టుకున్నది అతనే. పెళ్లాన్ని బయటికి తీసుకురమ్మని పెట్టుకున్నాడని మొదటిరోజు నేను అనుకున్నాను.

"ఏమైనా చెప్పిందా?" అన్నాడు.

"నువ్వు తింటున్నావా అని అడిగింది."

"అది కాదు సార్. వాడి సంగతి. వాడికీ దీనికీ ఏంటని."

నిన్న నన్ను పెట్టుకున్నప్పుడూ ఇదే అడిగాడు, ఇవాళ పొద్దునా ఇదే అడిగాడు. పెళ్లాం హత్య చేసిందా లేదా అన్నది అతనికి రెండో సంగతి. ఓనరు ఆమెకి కుర్చీ ఎందుకు మార్చాడు, తెర మీద పేర్లు పడేటప్పుడు ఆమె పేరు ముందెందుకు వేయించాడు, పుట్టినరోజుకి చేతిగడియారం ఎందుకిచ్చాడు, ఇవీ అతని ప్రశ్నలు. తను మాత్రం ఆ స్టూడియోలో అడుగుపెట్టలేదట. రోజూ బండి మీద గుమ్మం దాకా దింపేవాడు, ఆమె ఏనాడూ లోపలికి రమ్మనలేదు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు కింది పెదవి కొరుక్కుంటాడు. ఆ సాయంత్రం ఎక్కడున్నావని అడిగితే ఆస్పత్రి లిఫ్టు ఆగిపోతే బాగుచేస్తున్నానన్నాడు. ఎవరూ దాన్ని ఆరా తియ్యలేదు. వీడియోలో ఆమె ఉండగా ఎవరు తీస్తారు?

నాకు అతని మీద కోపం రాలేదు. ఆ మంట నాకు తెలుసు. నా పొయ్యి వేరు, అంతే.

నా పొయ్యి పేరు కోటు. ఎండాకాలం కూడా కోటు వేసుకునే మనిషి. ఒకప్పుడు నా దగ్గర కెమెరా సంచీ మోశాడు. మనిషి వెనక ఎంత దూరంలో నడవాలో, టీకొట్లో ఏ మూల కూర్చుంటే రెండు వీధులూ కనబడతాయో నేనే నేర్పాను. నేర్చుకుని, ఆరేళ్ల కిందట నా ఆఫీసుకి ఎదురు మేడమీదే అద్దాల తలుపులతో ఆఫీసు పెట్టాడు. నా కుర్చీలోంచి చూస్తే అతని గుమ్మంలో ఎవరి చెప్పులున్నాయో లెక్కపెట్టుకోవచ్చు. ఓనరు తమ్ముడు ఈ కేసు అతనికిచ్చాడు. స్టూడియోలోంచి ఆ వీడియో సంపాదించి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది అతనే. ఇవాళ పొద్దున పేపర్లో అతని ఫోటో. కోటుతో.

మెకానిక్‌ని వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్లాను. వద్దన్నా వినలేదు.

వరండా నేను అనుకున్నదానికంటే వెడల్పుగా ఉంది. కెమెరా ఇవతలి చివర పైకప్పుకి బిగించి ఉంది. ఎదురుగా అవతలి చివర వెనక తలుపు. నడిమధ్యలో పైన ఒక దూలం, దాని మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా ఒక కరెంటు పైపు. ఎడమచేతి గోడకి ఇంకో తలుపుంది.

ఈ రెండో తలుపు వీడియోలో లేదు.

నా దగ్గర ఆ వీడియోలోంచి తీయించిన పెద్ద ప్రింటు ఉంది. సూది తలుపు మీద చెయ్యివేసి ఎడమకి చూస్తున్న బొమ్మ. దాన్ని చేత్తో పట్టుకుని కెమెరా కింద నిలబడ్డాను. బొమ్మలో ఆమె చూస్తున్నచోట ఉత్త గోడ, అక్కడితో బొమ్మ అంచు. నా కళ్లెదుట అదే గోడలో, అంచుకి కాస్త ఇవతల, సౌండ్ రూమ్ తలుపు.

దాన్ని తోశాను. రాలేదు. భుజంతో తోశాను. కదిలి మళ్లీ బిగుసుకుంది.

"ముందు కాస్త పైకెత్తి, అప్పుడు తొయ్యండి," అన్నాడు వెనకనుంచి మెకానిక్.

పైకెత్తి తోస్తే వెన్నలా వచ్చింది. తలుపులూ లిఫ్టులూ చూసి బతికేవాడు, వాడికి తెలియకేం అనుకున్నాను. లోపల గోడలన్నీ మెత్తలు కుట్టినట్టున్నాయి. గదికి ఆ చివర ఇంకో తలుపు. అది తీస్తే నేను వెనక మెట్ల పైమెట్టు మీద ఉన్నాను. గుండీ దొరికినచోట పోలీసులు సుద్దముక్కతో గీసిన గుండ్రం నా బూటుకి జానెడు దూరంలో ఉంది.

అంటే ఆ మెట్ల మీదకి దారులు రెండు. వీడియో ఒక్కదాన్నే చూపిస్తోంది.

"ఏం గురువుగారూ, మెట్లు లెక్కపెడుతున్నారా?"

కోటు. సౌండ్ రూమ్ గుమ్మంలో నిలబడి చేతులు రుద్దుకుంటున్నాడు. నన్ను గురువుగారూ అని పిలుస్తూనే ఉంటాడు, పక్కన ఎవరైనా ఉంటే ఇంకాస్త గట్టిగా. మెకానిక్‌ని చూసి, పాపం అన్నట్టు నాలుక చప్పరించాడు.

రెండో తలుపు వీడియోలో ఎందుకు లేదని అడిగాను. కెమెరాకి అందదు అన్నాడు. ఎడిటింగ్ గదిలో టీవీ ఉంది, కెమెరా ఇప్పుడు చూపిస్తున్నది అందులో కనబడుతుంది, పద అన్నాను. వెళ్లి చూశాం. టీవీలో ఎడమ అంచున సౌండ్ రూమ్ తలుపు నిక్షేపంగా ఉంది. కోటు తడుముకోలేదు. తడుముకోకూడదని నేర్పింది కూడా నేనే. నిన్న తన మనుషులు కెమెరాని తుడిచారని, అప్పుడు కదిలి ఉంటుందని చెప్పాడు.

"సరే, కదిలిందనుకుందాం. ఈ పైపు చూడు."

ప్రింటు బల్ల మీద పరిచాను. బొమ్మకి కుడివైపు పై మూల తేదీ, టైము తెల్లటి అక్షరాల్లో ఉంటాయి. కెమెరా తనంతట తాను వేసే అక్షరాలు. దూలం మీది పైపు బొమ్మకి అడ్డంగా వచ్చి ఆ అక్షరాల వెనకనుంచే పోతుంది. నా గోటితో పైపు వెంబడే గీసుకుంటూ వెళ్లాను. ఎడమ నుంచి ఒకే లావుగా వచ్చింది. అక్షరాల దగ్గరకి రాగానే సన్నబడింది. అక్షరాలు దాటాక మళ్లీ లావైంది.

"కెమెరా కదిలితే పైపు మొత్తం కదలాలి. అక్షరాల వెనక ఒక సైజు, బయట ఇంకో సైజు ఉండదు. బొమ్మని పెద్దది చేశారు. చేసి, ఎడమకి జరిపారు. ఎడమవైపు కనబడకూడనిది ఏదో ఉంది. బొమ్మ పెరిగితే అక్షరాలు కూడా లావైపోయి పట్టిస్తాయి కదా, అందుకని పాత బొమ్మలోంచి ఆ అక్షరాలున్న ముక్కని తెచ్చి మళ్లీ మూలన అతికించారు."

కోటు ప్రింటు మీదకి వంగాడు. చాలాసేపు లేవలేదు. ఆ వంగిన వీపు చూస్తుంటే నాకు కడుపులో చల్లగా ఉంది. ఆ చల్లదనం కోసం ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

లేచేసరికి మొహం మళ్లీ మామూలైపోయింది.

"మనం మంచిది పట్టుకున్నాం గురువుగారూ," అన్నాడు.

"మనం?"

"వీడియో తెచ్చింది నేను. పైపు చూసింది మీరు. నాకు వీడియో ఇచ్చినవాడు ఇక్కడి ఎడిటర్ బాబాయ్. కాబట్టి చేసింది బాబాయ్. ఇన్‌స్పెక్టర్‌కి ఇద్దరం కలిసి చెబుదాం. పేపరువాళ్లకి కూడా."

కింద కేకేస్తే పైకి నలుగురు వచ్చేంత పలుకుబడి అతనికుంది. రేపటి పేపర్లో ఆ పైపు అతని కోటు పక్కన ఉంటుంది, నేను ఫోటో అంచుకి అవతల ఉంటాను. నేను నవ్వి, ఇన్‌స్పెక్టర్‌ని పిలుచుకురాగలిగింది నువ్వేనన్నాను, నేను ఫోన్ చేస్తే ఎత్తడన్నాను. రెండూ నిజాలే. తను వచ్చేదాకా ఏదీ తెరవొద్దని కోటు మాట తీసుకున్నాడు. ఇచ్చాను. అతని బూట్ల చప్పుడు మెట్లు దిగేదాకా విని, బాబాయ్‌ని పిలిచాను.

స్టూడియోలో అందరికీ ఆయన బాబాయే. సీనియర్ ఎడిటర్. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, మళ్లీ దించుకుంటూ మాట్లాడతాడు. నువ్వే చేశావా అని నేను అడగలేదు. సూది ఎలాంటిదని అడిగాను. దానికే మనసు విప్పాడు. పన్నెండేళ్లుగా ఆ కుర్చీ ఆయనది. ఆ పిల్ల వచ్చి నాలుగేళ్లు. మొదట్లో టీ తెచ్చిపెట్టింది. తర్వాత ఓనరు, బాబాయ్ నువ్వు కాస్త పక్కకి కూర్చో, ఇది ఆ అమ్మాయి చేస్తుంది అన్నాడు. తర్వాత పక్కకి అన్నమాట కూడా లేకుండా పోయింది. ఓనరు పోయే ముందువారం ఆమెను హెడ్డుగా వేస్తానని అందరిముందూ చెప్పాడట.

వాళ్లిద్దరి మధ్య ఏమైనా ఉందా అని మెకానిక్ గది మూల నుంచి అడిగాడు. కుర్చీలో ముందుకి జరిగి, సంచీ పట్టుకుని అడిగాడు.

బాబాయ్ అతనివైపు చూడకుండా చెప్పాడు. "ఉంటే బాగుండేది. అందుకే పైకొచ్చిందని చెప్పుకుని పడుకునేవాణ్ణి. ఏం లేదు. పని బాగా చేస్తుంది. అదే నా ఏడుపు."

వీడియో సంగతి అడిగాను. మర్నాడు పొద్దున పోలీసులు రాకముందే మిషను తెరిస్తే కళ్లెదుటే ఉందన్నాడు, ఆ సాయంత్రం తేదీ పేరుతో. కెమెరా పెట్టెలో చూస్తే ఆ పూట రికార్డు లేదు. ఇదొక్కటే మిగిలింది. అందులో ఆ పిల్లని చూశాడు.

"నాకు సంతోషమేసింది. అనకూడదు గానీ వేసింది. ఇంకేం ఆలోచించలేదు. కోటుబాబుకి ఇచ్చేశాను."

పైపు చూపించాను. కళ్లజోడు దించుకుని చూశాడు. ఆయన మొహంలో నేను చూసింది భయం కాదు. నా కుర్చీలోంచి కోటు గుమ్మం వైపు నేను రోజూ చూసే చూపే. ఇంకొకరి పనితనం చూసి లోపల కాలడం.

"నేనైతే ఇంత బాగా చెయ్యలేను," అన్నాడు, మింగుడుపడని మాత్ర మింగినట్టు.

ఎందుకు చెయ్యలేడో మిషను మీద చూపించాడు. తెర మీద ఒక వీడియో ముక్క ఎక్కడుండాలి, ఎంతుండాలి అని చెప్పడానికి దారులు రెండు. మౌసుతో పట్టుకుని చేత్తో లాగొచ్చు, లేదా పక్కనుండే గళ్లలో అంకెలు కొట్టొచ్చు. సైజుకి ఒక గడి, అడ్డంగా జరపడానికి ఒకటి, నిలువుగా జరపడానికి ఒకటి. బాబాయ్ ఎప్పుడూ చేత్తోనే లాగుతాడు, మంచం జరిపినట్టు. అందుకని ఆయన పాత పనులు తెరిస్తే గళ్లలో అన్నీ చుక్కలు పెట్టిన చిల్లర అంకెలు. సూది మౌసు ముట్టుకోదు. లెక్క వేసుకుని నిండు అంకె కొడుతుంది.

ఆ సాయంత్రపు పని ఎవరో చెరిపేశారు. కానీ ఎవరూ అడక్కుండానే ఆ మిషను కొన్ని నిమిషాలకోసారి జరుగుతున్న పనిని ఒక మూల దాచుకుంటూ ఉంటుందట, కరెంటు పోతే పనికొస్తుందని. ఆ మూల వెతికాడు. ఎనిమిదీ యాభైకి దాచుకున్నది దొరికింది. తెరిచాడు. తెర మీద అదే వరండా, అదే సూది. గళ్లలో ఉన్నది పైకి చదివాను. సైజు నూట పద్దెనిమిది. ఎడమకి నూట డెబ్బై రెండు. కిందికి ఎనభై ఆరు. చిల్లర లేదు.

"ఆ ఎనభై ఆరు చూశారా? పైపు అక్షరాల వెనకకి సరిగ్గా రావాలని దించింది. ఎత్తు కలిసింది. లావు కలవదు, అది ఎవరివల్లా కాదు." ఆయన గొంతు తగ్గిపోయింది. "సార్, ఇది నేను కాదు. ఇది ఆ పిల్ల చెయ్యే."

తనను పట్టించే వీడియోని తనే తయారుచేసింది. తొమ్మిదింటిదాకా చేసిన పని ఇదే. మొత్తం చెరిపేసి ఊరుకోవచ్చుగా అనుకున్నాను, వెంటనే నాకే జవాబు తట్టింది. చెరిపేస్తే ఎవరొచ్చారని వెతుకుతారు. ఒకరు దొరికితే ఇంక వెతకరు.

ఆమె ఎవరినో కాపాడటానికి ఆ మనిషిని అంచు అవతలికి తోసేసి, ఆ జాగాలో తను నిలబడింది.

"పెంచితే పోయిన భాగం పోయినట్టేనా?" అని అడిగాను.

పోదన్నాడు బాబాయ్. కత్తిరిస్తే వేరు. ఆ పిల్ల దేన్నీ కత్తిరించదు. పెంచుతుంది, జరుపుతుంది, అంతే. ఎప్పుడైనా వెనక్కి కావాల్సి రావచ్చు కదా బాబాయ్ అంటుందట. ఆ సాయంత్రం అలాంటి పని చేస్తున్నప్పుడు కూడా చేతికి ఆ అలవాటు పోలేదు. తెరకి అవతల ఉన్నదంతా ఉన్నచోటే ఉంది, కనబడదంతే. సైజు గడిలో వంద కొట్టి, మిగతా రెంటిలో సున్నా కొడితే చాలు.

కొట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

బాబాయ్ నోట్లో పడ్డది సాయంత్రానికి కోటు చెవిలో ఉంటుంది. కోటు ఈపాటికి ఇన్‌స్పెక్టర్‌తో బయల్దేరి ఉంటాడు. పావుగంటలో ఈ తలుపు తోసుకుని వచ్చి, నా కుర్చీ వెనక నిలబడి, మనం అంటాడు. ఆ మాట ఇంకోసారి వినడం నా వల్ల కాదు. బాబాయ్‌ని బయట కూర్చోమన్నాను. ఆయన వెళ్లాక లోపల గడియ పెట్టాను. పైది, కిందిది రెండూ. ఈ ఎడిటింగ్ గది కూడా చప్పుడు బయటికి పోకుండా కట్టిందే కాబట్టి తలుపు బరువుగా, దగ్గరగా మూసుకుంది.

మెకానిక్ ఉన్నాడని మర్చిపోలేదు. డబ్బిచ్చేవాడు, చూసే హక్కుంది. పైగా గెలిచేటప్పుడు చూడ్డానికి ఒక మనిషైనా ఉండాలి.

"అందులో వాళ్లిద్దరూ కలిసి కనబడతారా?" అన్నాడు. కుర్చీ లాక్కుని నా వెనక్కి వచ్చాడు.

సైజు గడిలో వంద కొట్టాను. వరండా ఒక్కసారి చిన్నదైంది. కుడివైపు నల్లటి పట్టీ తేలింది. ఎడమ అంచున, ఉత్త గోడ ఉన్నచోట, తలుపు చట్రం ఒక ముక్క కనబడుతోంది. నిలువు గడిలో సున్నా కొట్టాను. పైపు అక్షరాల వెనక, బయట, అంతటా ఒకే లావుగా అతుక్కుంది.

ఇంకొక్క గడి మిగిలింది. నూట డెబ్బై రెండు.

సున్నా మీద వేలు పెట్టాక ఎందుకో ఆ తలుపు చట్రం దగ్గర నా కన్ను ఆగింది. నేను రెండుసార్లు తోసినా రాని తలుపు. ఎవరో చెబితే వచ్చిన తలుపు. ముందు కాస్త పైకెత్తి, అప్పుడు తొయ్యండి. ఆ స్టూడియోలో ఏనాడూ అడుగుపెట్టనివాడు చెప్పాడు.

వేలు అప్పటికే నొక్కింది.

బొమ్మ మొత్తం ఎడమ నుంచి కుడికి జరిగి తన చోటికి వచ్చి కూర్చుంది. తెరుచుకుని ఉన్న సౌండ్ రూమ్ తలుపు. దాని ముందు, ఎడమ గోడని రాసుకుంటూ కెమెరా వైపుకి నడిచొస్తున్న మనిషి. భుజాన పనిముట్ల సంచీ. మొహం తిన్నగా మనవైపే ఉంది. అతని వెనక, వరండా ఆ చివర, తలుపు మీద చెయ్యివేసి సూది నిలబడి ఉంది. ఆమె గోడకేసి చూడలేదు. మొగుడి వీపుకేసి చూస్తోంది. అతను వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి ఆమె చూసిందని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

నా వెనక కుర్చీ కిర్రుమంది.

మెకానిక్ చాలా మామూలు గొంతుతో అడిగాడు. "ఇప్పుడా సైజు ఎంతుంది?"

"వంద."

"అది ఎంత పెట్టింది?"

"నూట పద్దెనిమిది."

నా భుజం మీదుగా చెయ్యి చాచాడు. గోళ్లలో గ్రీజు. ఒక్క వేలితో, అంకె అంకెకీ ఆగుతూ, నూట పద్దెనిమిది కొట్టాడు. అడ్డం గడిలోకి వెళ్లి నూట డెబ్బై రెండు కొట్టాడు. నేను ఒక్కసారి పైకి చదివిన అంకెల్ని గుర్తుపెట్టుకున్నాడు. తెర మీద అతను అంచు దాటి బయటికి వెళ్లిపోయాడు. ఆమె ఒక్కతే మిగిలి గోడకేసి చూస్తోంది.

"నా కోసమా," అన్నాడు. నన్ను అడగలేదు. "వాడి కోసం ఏడ్చిందనుకున్నాను. ఆ రాత్రంతా గోడవైపు తిరిగి ఏడ్చింది. వాడి కోసమనుకున్నాను."

అతనికి కావాల్సిన జవాబు దొరికింది. నన్ను పెట్టుకున్నది దానికోసమే. అయితే ఆ జవాబు ఏ బొమ్మలో ఉందో, అతన్ని ఉరితీయించేది కూడా ఆ బొమ్మలోనే ఉంది. అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఒక మాట చెప్పి చూశాను. నువ్వే వెళ్లి ఒప్పుకుంటే నాలుగింటికల్లా ఆమె ఇంటికొస్తుంది అన్నాను. అతను తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. తెర మీద ఆమె మొహాన్ని వేలితో ఒకసారి తాకి చూశాడు. సంచీ జిప్పు తెరుచుకున్న చప్పుడైంది. ఇనుము ఇనుముకి తగిలింది.

"ఈ మిషను దాచుకున్నదాన్ని చెరిపెయ్యడం ఎలాగో చెప్పండి," అన్నాడు. "పోలీసుల దగ్గరున్నది అది ఎలా పెట్టుకుందో అలాగే ఉండనీండి. నా కోసం చేసిందాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు."

లేవబోయాను. భుజం మీద చల్లగా, బరువుగా ఏదో దిగింది. స్పానరు. కొట్టలేదు, ఊరికే ఆనించి ఉంచాడు.

అప్పుడు తలుపు అవతల, ఏ లోకంలోంచో వచ్చినట్టు సన్నగా, ఎవరో తట్టారు. మళ్లీ తట్టారు. మెత్తలు కుట్టిన గోడల్లోంచి ఒక గొంతు నలిగి నలిగి లోపలికి వచ్చింది.

"గురువుగారూ... తెరవనని మాటిచ్చారు కదా... మనం కలిసి చూద్దామనుకున్నాం కదా..."

ఆరేళ్లలో మొదటిసారి ఆ గొంతు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ గడియలు రెండూ లోపలివైపు ఉన్నాయి. పెట్టింది నేనే.